రెండు పేర్లు, ఒక బొటనవేలు

మాయాబందర్,
బుధవారం మధ్యాహ్నం

ప్రియమైన నాన్నకి,

మీకూ అమ్మకీ సుగుణ వందనాలు.

ఈ ఉదయం బియ్యం కడుగుతుంటే రెండో నీళ్లు కొంచెం ఊదారంగుగా కనిపించాయి. చూస్తే నా కుడి బొటనవేలి గోరు అంచున సిరా. సబ్బు పెట్టాను, బూడిద పెట్టి తోమాను, నాలుగు రోజులుగా పోవడం లేదు. పిన్ని చూసి, "రాసి రాసి నీ చెయ్యే కలమైపోయింది బేటీ" అంది. ఆ నీళ్లు పారబోసి మూడోసారి కడిగాను.

ఇక్కడ నేను, చిన్నాన్న, పిన్ని ముగ్గురం బాగున్నాం. మీరెలా ఉన్నారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? సిస్టర్ల తోటలో మీకు పని ఎక్కువగా ఉందని తమ్ముడు రాశాడు. ఎండలో పాదులు తవ్వేటప్పుడు తలకి గుడ్డ చుట్టుకోండి. తమ్ముడి లెక్కలు ఎలా ఉన్నాయో వాడు మాత్రం రాయలేదు.

నా గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మకి చెప్పండి. వేళకి తింటున్నాను. దోమతెర కట్టుకునే పడుకుంటున్నాను. జ్వరం రాలేదు. వస్తే రాస్తాను, దాచను.

వాన సంగతి అమ్మ అడిగింది. ఇక్కడ వాన మొదలైతే ఆగడం మరిచిపోతుంది. బట్టలు పొయ్యి పైన తాడు కట్టి ఆరేసుకుంటాం. అందుకని నా చీరలన్నీ పొగవాసన. స్కూలుకి వెళ్లే దారిలో జలగలుంటాయి. మొదటి వారం ఏడ్చాను. ఇప్పుడు ఒక గుడ్డముక్కలో ఉప్పు కట్టి పట్టుకెళ్తున్నాను. చేపకి కొదవ లేదు. ఉల్లిపాయలు ఓడ వచ్చినప్పుడే దొరుకుతాయి. చింతపండు అయిపోతే పిన్ని పులుసులో ఏదో అడవికాయ వేస్తుంది. బాగానే ఉంటుంది. కానీ అమ్మ పులుసు కాదు.

స్కూల్లో నా పోస్టు ఇంకా టెంపరరీగానే ఉంది. పిల్లలు మంచివాళ్లు. తెలుగు గలగలా మాట్లాడతారు, మధ్యలో సగం హిందీ. పుస్తకం తెరవమంటే తలలు దించుకుంటారు. ఒక పాప నాతో, "దీదీ, మా ఇంట్లో తెలుగు నోట్లోనే ఉంది, కాగితం మీద లేదు" అంది. నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. మొదటి తరగతి తెలుగు వాచకాలు పాతవైనా సరే, సిస్టర్లని అడిగి ఓ పది పంపించగలరా? చిరిగినవైతే నేను అంటించుకుంటాను.

సాయంత్రాలు కొంచెం కష్టం. తెచ్చుకున్న రెండు పుస్తకాలూ మూడుసార్లు చదివేశాను. ఇప్పుడు పిన్ని తెచ్చే పొట్లాల కాగితాలు చదువుతున్నాను. ఇక్కడి ఆడవాళ్లు నన్ను చూసి నవ్వుతారు, నేనూ నవ్వుతాను, ఆ తర్వాత ఏం మాట్లాడాలో నాకు తెలియదు. అయినా బాగానే ఉన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. కొంచెం పెద్దది. అమ్మకి నెమ్మదిగా చదివి వినిపించండి.

చిన్నాన్న పనిచేసే బోటు మీకు తెలుసు. ఈ జెట్టీ నుంచి ఎదుటి ఊళ్లకి మనుషుల్ని, రేషన్ బస్తాల్ని, టపాని తీసుకెళ్తుంది. దాని సరంగు, అంటే చుక్కాని పట్టి బోటు నడిపే పెద్ద, రహీం చాచా. ఆయనకి కంటిచూపు తగ్గిపోయింది. ఈ వానాకాలం దాటాక దిగిపోతానని ఆఫీసులో చెప్పేశాడు. ఆ జాగాలో కొత్త సరంగు కావాలి. ఇది చిన్నాన్నకి ఇప్పుడు రాకపోతే ఇక రాదు. వేరేవాళ్లు వస్తే పడుచువాళ్లు వస్తారు, ఇరవై ఏళ్లు కదలరు. చిన్నాన్నకి అప్పటికి తాళ్లు లాగే సత్తువ కూడా ఉండదు.

సరంగుకీ, చిన్నాన్నలా బోటులో కూలికి పనిచేసే కళాసీకీ ఎంత తేడానో ఇక్కడికి వచ్చాకే నాకు తెలిసింది. కళాసీకి జ్వరం వస్తే ఆ రోజు కూలి పోతుంది. సరంగుకి పోదు. సరంగుకి ఇల్లిస్తారు, ముసలితనంలో పెన్షనుంటుంది. కానీ ఆ పని ఎవరికీ ఒక్కసారిగా రాదు. చిన్నాన్న మొదట బోటులో నీళ్లు తోడాడు. తర్వాత తాళ్లు పట్టాడు. ఇంజనుకి నూనె పోశాడు. రహీం చాచా టీ తాగే అయిదు నిమిషాలు, నీళ్లు కదలని చోట చుక్కాని పట్టుకున్నాడు. ఆ అయిదు నిమిషాలే పెరిగి పెరిగి, ఈ మధ్య వాన రోజుల్లో దారి కనపడనప్పుడు చాచాయే పక్కకి తప్పుకుని, "నువ్వు చూడు" అంటున్నాడట. పోయిన నెల ఆఫీసరుగారు బోటెక్కి పరీక్ష కూడా పెట్టారు. ఆటుపోట్లు, దీపాలు, రాళ్లు ఎక్కడెక్కడున్నాయో అన్నీ నోటితో అడిగారు. చిన్నాన్న తడుముకోలేదు.

ఆ సాయంత్రం రహీం చాచా ఇంటికొచ్చాడు.

"బేటీ, ఇంగ్లీషు చదివినావు గదా, ఒక అర్జీ రాయి. నేను దిగితే చుక్కాని మీ చిన్నాన్న దేవదాన్ చేతికే పోవాలి. వేరేవాడొస్తే నా బోటు మాట వినదు."

"బోటు సంగతి నాకు తెలీదు చాచా, ఈయనయితే నా మాటే వినడు" అంది పిన్ని.

"నువ్వు చుక్కాని లేకుండా నడుపుతున్నావు బహూ. నేను నేర్పిస్తా, ఆగు" అన్నాడు ఆయన.

నేను అర్జీ రాశాను. సిస్టర్లు నేర్పినట్టే మార్జిన్ వదిలి, శుభ్రంగా. వారం తర్వాత అది తిరిగి వచ్చింది. సరంగు కావాలంటే కళాసీగా పదేళ్లు చేసి ఉండాలి, దేవదానం అనే అతను చేసింది అయిదేళ్లే అని దాని మీద రాసి ఉంది.

చిన్నాన్న ముందు నవ్వాడు. తర్వాత గడప మీద కూర్చున్నాడు.

"పన్నెండేళ్లు సేసినాను సుగుణమ్మా. ముందు ఏడేళ్లూ తాళ్లు లాగినోడు ఎవుడేటి, నా దెయ్యమా?"

ఏం జరిగిందో అడిగి అడిగి తెలుసుకున్నాను. చిన్నాన్న ఇక్కడ పనిలో చేరినప్పుడు పోలయ్య. నానమ్మ పెట్టిన పేరు. ఆఫీసు మస్టరులో, అంటే పనివాళ్ల హాజరు పుస్తకంలో, ఏడేళ్లు పోలయ్య అనే ఉంది. జీతం తీసుకున్నప్పుడల్లా ఆ పేరుకి ఎదురుగా వేలిముద్ర వేశాడు. తర్వాత బాప్తిస్మం తీసుకున్నాడు. దానికి ముందు ఆరు వారాలు పాస్టరుగారి దగ్గర ఇసుకలో వేలితో దిద్ది దిద్ది, దేవదానం అని రాయడం నేర్చుకున్నాడు. ఆయనకి వచ్చిన రాత అదొక్కటే. ఆ నెల జీతం రోజున ఆఫీసుకి పోయి, "నా పేరు ఇప్పుడు దేవదానం. ఇక నాను వేలు ఎయ్యను, సంతకం ఎడతాను" అని చెప్పాడు. అప్పటి మస్టరు బాబు, తర్వాత బదిలీ అయి వెళ్లిపోయినాయన, పుస్తకంలో కొట్టివేతలెందుకని పోలయ్య వరస అక్కడితో ఆపేసి, అందరికన్నా కింద దేవదానం అని కొత్త వరస రాశాడు. డబ్బు ఎప్పటిలాగే చేతికొచ్చింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. కాగితం మీద మాత్రం పోలయ్య ఒకరోజు పని మానేశాడు. మర్నాడు దేవదానం అనే కొత్తమనిషి చేరాడు.

నాకు వెంటనే చర్చి రిజిస్టరు తోచింది. బాప్తిస్మం పుస్తకంలో పాత పేరు, కొత్త పేరు రెండూ ఉంటాయి కదా అనుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఇప్పటి పాస్టరుగారిని అడిగాం. ఆయన పెట్టె తెరిచి పుస్తకం నా చేతిలోనే పెట్టారు. ఆ రోజు తొమ్మిదిమంది. తొమ్మిదిమందివీ కొత్త పేర్లే.

"అప్పటి పాస్టరుగారి పద్ధతి అది తల్లీ. పాత పేరు నీళ్లలో వదిలేసి రావాలనేవారు. పుస్తకంలో రాయనిచ్చేవారు కాదు" అన్నారు.

"అవును" అన్నాడు చిన్నాన్న. "నానే గట్టిగా సెప్పినాను, పోలయ్య ఇక నేడు, పోనాడని. అందరూ ఇన్నారు."

అలా అన్నప్పుడు ఆయన ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియనట్టు చర్చి తలుపు వైపు తిప్పుకున్నాడు.

తోటి కళాసీలు వచ్చి చెబుతామన్నారు. ఇప్పటి మస్టరు బాబు చెడ్డవాడు కాదు, కానీ రాసినదే చూసే మనిషి. "పదిమంది చెప్పినా నోటిమాటే. సాబ్ కాగితం అడుగుతారు" అన్నాడు.

పోయిన శనివారం స్కూలు ఒంటిపూట. రహీం చాచా నన్ను కూడా ఆఫీసుకి రమ్మన్నాడు. నేను వెళ్లనన్నాను. అందరూ మగవాళ్లు, నాకు నోరు పెగలదు. పిన్ని నా జడ తనే గట్టిగా అల్లి, "నోరు ఇంట్లో పెట్టి పో, కళ్లు పట్టుకెళ్లు. చదవడానికి కళ్లే కదా కావాలి" అంది.

ఆఫీసు జెట్టీని ఆనుకునే ఉంటుంది. మస్టరు బాబు పాత పుస్తకాలు బల్ల మీద పడేశాడు. వాటి అంచులు చెదలు తినేశాయి. నేను పోలయ్య పేరున్న పేజీలన్నీ తిరగేశాను. పేరు, ఎదురుగా వేలిముద్ర. పేరు, ఎదురుగా వేలిముద్ర. నాలుగో పేజీలో నాకొకటి కనిపించింది. ముద్ర మధ్యలో అడ్డంగా ఒక సన్నని తెల్లగీత. సిరా అక్కడ అంటలేదు. ముందు పేజీకి వెళ్లాను. ఉంది. ఏడేళ్లూ ఉంది.

చిన్నాన్న ఎడమ బొటనవేలు నేను రోజూ చూస్తూనే ఉన్నాను, నాన్నా. అన్నం కలుపుకుని కంచం ఎడమచేత్తో దగ్గరికి లాక్కుంటాడు. ఆ వేలికి అడ్డంగా మచ్చ ఉంది. సొరచేప కొరికిందని పిన్నికి చెప్పాడు.

నోటితో చెప్పలేక ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసి బాబు ముందుకి జరిపాను. ఆయన చదివాడు, పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాడు, లేచి లోపల ఆఫీసరుగారికి చూపించాడు. వచ్చి ఒక తెల్ల కాగితం పరిచి, సిరా అద్దే డబ్బా మూత తీశాడు.

"ఠీక్ హై. అయితే దేవదానం ఇక్కడ ఎడమ వేలు వెయ్యాలి. రెండూ కలిస్తే సాబ్ ఒప్పుకుంటారు."

చిన్నాన్న ఆ డబ్బా వైపు చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాను ఎయ్యను."

"ఏమిటి?"

"అయిదేళ్లుగా నాను సంతకం ఎడతన్నాను బాబూ. ఆ పుస్తకంలో సూడు, ఒక్క నెల తప్పినానేటి? ఇప్పుడు వేలెయ్యమంటే మళ్లీ ఎనక్కి ఎల్లడమే. సరంగు పని కోసం ఎనక్కి ఎల్లడమేటి? నావల్ల కాదు."

కిటికీ బయట ఇద్దరు ముగ్గురు కళాసీలు చేరారు. ఒకతను, "అరె, సరంగ్ సాబ్ అంగూఠా ఛాప్!" అని అరిచాడు. వేలిముద్రగాడు అని ఎగతాళి. మిగతావాళ్లు నవ్వారు. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ వేలిముద్రే వేస్తారు. అందుకే ఇంకా గట్టిగా నవ్వారేమో.

చిన్నాన్న విసురుగా బయటికి వెళ్లిపోయాడు. కిటికీకి ఎదురుగా జెట్టీ మీద నిలబడ్డాడు. రహీం చాచా గుమ్మం దాకా వెళ్లి కేకేశాడు.

"ఏం దేవదాన్, బోటుని సంతకంతో నడుపుతావా, చేత్తో నడుపుతావా? వేలు తెచ్చావా, ఇంట్లో మరిచిపోయావా?"

చిన్నాన్న అక్కణ్నుంచే కిటికీలోకి చూస్తున్నాడు. మస్టరు బాబు గడియారం చూసుకున్నాడు. శనివారం ఆఫీసు ఒంటిగంటకి మూసేస్తారు, సోమవారం పెద్దాఫీసుకి పేరు పంపించెయ్యాలి, ఇంకొకరి పేరు సిద్ధంగా ఉంది అని నాతోనే చెప్పాడు, నేనేదో చెయ్యగలిగినదాన్నన్నట్టు.

ఏమనుకున్నాడో, కాసేపటికి చిన్నాన్న లోపలికి వచ్చాడు. ఎవరి వైపూ చూడలేదు. వేలు సిరాలో అద్ది, కాగితం మీద నెమ్మదిగా దొర్లించాడు. తెల్లగీత చక్కగా పడింది. ఆఫీసరుగారు భూతద్దం పెట్టి పాత పేజీని, కొత్త కాగితాన్ని పక్కపక్కన చూశారు. తలూపారు. అప్పుడు రహీం చాచా అల్లాని తలుచుకుని కుర్చీలో కూలబడ్డాడు.

బాబు రాసుకోవడానికి, "ఈ గాయం ఎలా అయింది?" అని అడిగాడు. చిన్నాన్న నా వైపు ఒకసారి చూశాడు.

"మా అన్న గాలం. సిన్నప్పుడు తెప్ప మీద సేప తగిలితే అన్న తాడు లాగినాడు. నా వేలు మజ్జిలో ఉండిపోనాది. నాకన్నా ఆడే ఎక్కువ ఏడిసినాడు."

ఇది నిజమేనా నాన్నా? మీరు ఎప్పుడూ చెప్పలేదు. ఇంటికొచ్చాక పిన్ని వదల్లేదు. "పదేళ్లుగా సొరచేపతో కాపురం చేస్తున్నాననుకున్నా, చూస్తే మా బావగారి గాలమా!" అని ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్వుతోంది.

పెద్దాఫీసు నుంచి ఖాయం కాగితం రావడానికి నెల పడుతుందట. కానీ నిన్నటి నుంచి చుక్కాని చిన్నాన్నదే. రహీం చాచా పక్కన పీట వేసుకుని కూర్చుంటున్నాడు, ఏమీ చెప్పడు, రాళ్ల దగ్గర మాత్రం దగ్గుతాడట.

ఒక్క చిక్కు. సర్వీసు మొదటి నుంచి లెక్కకి రావాలంటే మొదటి పేరే ఉండాలన్నారు. ఆఫీసులో ఇకమీద చిన్నాన్న పోలయ్యే. చర్చిలో దేవదానం. నేను జాలిపడ్డాను. ఆయన మర్నాడు ఉదయం బొగ్గుముక్క తెచ్చి నా ముందు పెట్టి, "పోలయ్య అని రాయడం సూపించు సుగుణమ్మా. మా యమ్మ ఎట్టిన పేరు నానెప్పుడూ రాయనేదు" అన్నాడు. గోడ చెక్క మీద రాసి చూపించాను. మూడు అక్షరాలే కదా, ఒక్క పూటలో వచ్చేసింది. య కింద ఒత్తు మాత్రం బోటు లంగరంత పెద్దది వేస్తున్నాడు. పిన్ని ఆ గోడ కడగనివ్వడం లేదు.

మీరు ఆయనకి రెండు ముక్కలు రాస్తే బాగుంటుంది. పెద్ద అక్షరాలతో, విడివిడిగా రాయండి. తనే చదువుకోవాలని ఉంది ఆయనకి. కవరు మీద ఏ పేరు రాసినా అందుతుంది, టపా తెచ్చేది ఆయన బోటే.

అమ్మని చింతపండు కొంచెం ఎండబెట్టి పంపమనండి, వాచకాలతో పాటు. గింజ తీసింది. నా కోసమని కాదు, పిన్ని అడిగింది. నా కోసం కూడా.

ఇంటి పక్క పెద్దమ్మకి, సిస్టర్లకి, చర్చిలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పండి. తమ్ముడికి ముద్దులు, లెక్కలు చూపించమన్నానని చెప్పండి. సాయంత్రం ప్రార్థనలో చిన్నాన్న పేరు తలుచుకోండి, రెండు పేర్లూ. నన్ను కూడా దీవించండి. నేను బాగున్నాను. నిజంగా బాగున్నాను.

మీ ప్రేమగల కూతురు,
సుగుణ

తా.క. శనివారం సంగతిలో ఒకటి రాయలేదు. చిన్నాన్న జెట్టీ మీద నిలబడి కిటికీలోంచి చూస్తున్నప్పుడు, ఆయనకి కనపడేలా ఆ తెల్ల కాగితం మూలన మొదట వేలిముద్ర వేసింది నేను.